క్లారినెట్ గొంతు బిగుసుకుంటే ఒంట్లో ఎక్కడ వెతకాలి

బరాత్ మొదలైనప్పుడు గుండ్రంగా, నిండుగా పలికిన క్లారినెట్ రెండు గంటలు గడిచేసరికి సన్నబడి గీరగా మారుతుంది. పక్కనున్న ట్రంపెట్ కంటే శ్రుతి వెంట్రుకవాసి పైకి పోతుంది. అప్పుడు చాలామంది "రీడు ఖరాబైంది" అని జేబులోంచి కొత్తది తీస్తారు. రీడు అంటే నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కు కట్టే పల్చని బద్ద, ఊదితే ఊగి నాదం పలికించేది అదే. ఆ కొత్త రీడు కూడా పది నిమిషాలకే అదే గొంతు పట్టుకుందంటే దాన్ని తిట్టి లాభం లేదు. వాద్యం మోసే చెయ్యి అలసింది, ఆ అలసట దవడకు పాకింది.

పాకే దారి ఇది. చెక్క క్లారినెట్ ముప్పావు కిలో నుంచి 850 గ్రాముల దాకా తూగుతుంది. ఆ బరువు దాదాపు అంతా కుడి బొటనవేలి మీదే పడుతుంది. వేలు అలిసిపోతే వాద్యం కిందికి జారబోతుంది. జారనీయకుండా పై పళ్లూ కింది దవడా మౌత్‌పీస్‌ను కరిచి పట్టుకుంటాయి, మనకు తెలియకుండానే. మౌత్‌పీస్ కొనకూ రీడు కొనకూ మధ్య ఉండే సందు ఒక మిల్లీమీటరు పైచిలుకు, రూపాయి బిళ్ల మందం కూడా ఉండదు. దవడ కొంచెం బిగిసినా ఆ సందు ఇంకా మూసుకుంటుంది. రీడు ఊగాల్సినంత ఊగదు. నాదంలో అడుగున ఉండే నిండుదనం పోయి పైన గీర మిగులుతుంది, శ్రుతి ఎక్కుతుంది. సన్నబడిన నాదాన్ని పెంచుదామని ఇంకా గట్టిగా ఊదితే భుజాలు పైకి లేస్తాయి, మెడ నరాలు తేలుతాయి, గొంతు లోపలా బిగుస్తుంది. అక్కడి నుంచి ఎంత ఊదినా అరుపు పెరుగుతుంది గానీ నాదం పెరగదు.

మన నల్లగొండ, పాలమూరు దిక్కు క్లారినెట్ అంటే ముందు గుర్తొచ్చేది పెళ్లి బ్యాండు. కుర్చీలో కూర్చుని వాయించేవాళ్ల కోసం చెప్పే పద్ధతులు నడుస్తూ, మెట్లెక్కుతూ, డీజే పక్కన నిలబడి ఊదేవాళ్లకు సగమే పనికొస్తాయి. అందుకే కింద ప్రతిచోటా నిలబడి ఊదడాన్నే లెక్కలోకి తీసుకున్నాం. కూర్చుని ఊదేచోట తేడా ఉంటే చెప్పాం.

ముందు బిగువు ఎక్కడుందో తేల్చుకోండి

మొదటి పరీక్షకు మౌత్‌పీస్, దాని కింద తొడిగే పొట్టి గొట్టం బ్యారెల్, ఈ రెండే చాలు. రీడు కట్టి, ఫోన్‌లో ట్యూనర్ యాప్‌ను 440కి పెట్టి, రోజూ ఊదే తీరులోనే గట్టిగా ఊదండి. మంచి ఊదుడు చూపించాలని ప్రయత్నించొద్దు. బీ ఫ్లాట్ క్లారినెట్ అయితే ట్యూనర్‌లో ఎఫ్ షార్ప్, అంటే 740 హెర్ట్జ్ చుట్టుపక్కల కనిపించాలి. జీ వైపు పాకితే మీరు కొరుకుతున్నారు. ఎఫ్ వైపు దిగితే పెదవి మరీ వదులుగా ఉంది, లేదా గాలి చాలడం లేదు. ఎఫ్ షార్ప్ వచ్చిందని అక్కడితో వదలకండి, ఎనిమిది సెకన్లు నిలపండి. మొదట్లో సరిగ్గా ఉండి ఐదో సెకను నుంచి సూది పైకి జరుగుతుంటే, దమ్ము తగ్గే కొద్దీ దవడతో నెట్టుకొస్తున్నారన్న మాట. బ్యాండు వాళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ చివరి రకమే.

రెండో పరీక్షకు ఇంకొకరు కావాలి. వాద్యం మొత్తం జోడించి, ఎడమ బొటనవేలితో వెనక రంధ్రం, రెండు చేతుల మూడేసి వేళ్లతో ముందు రంధ్రాలు మూసి కింది జీ ఊదండి. ఊదుతుండగా మీకు చెప్పకుండా పక్కవాళ్లను రిజిస్టర్ కీ (స్వరాన్ని పైమెట్టుకు దూకించే వెనకవైపు మీట) నొక్కమనండి. క్లారినెట్ పిల్లనగ్రోవిలా ఎనిమిదో మెట్టుకు కాక పన్నెండో మెట్టుకు దూకుతుంది. కాబట్టి పై డీ వెంటనే, శుభ్రంగా రావాలి. కీ నొక్కాక కింద కాసేపు 'గుర్ర్' మని గొణిగి ఆ తర్వాత పైకి వెళ్తే పెదవి పట్టు వదులు, గాలి మందం. స్వరం వెంటనే దూకినా సన్నగా, శ్రుతి ఎక్కి వస్తే దవడ బిగువు. మీ వేలితో మీరే కీ నొక్కితే ఈ పరీక్ష పనిచేయదు. పై స్వరం వస్తుందని తెలిసిన నోరు ముందే సర్దుకుంటుంది.

మూడోది అద్దం ముందు. ఊపిరి తీస్తున్నప్పుడు భుజాలు లేస్తున్నాయా? ఊదుతున్నప్పుడు మెడకు రెండు పక్కలా నరాలు తాళ్లలా తేలుతున్నాయా? గడ్డం మీద నిమ్మకాయ తొక్కలా గుంటలు పడుతున్నాయా? ఏది కనిపిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఏం చేయాలో తోచకపోతే మాత్రం బొటనవేలితో మొదలుపెట్టండి.

కుడి బొటనవేలు

వెనక వైపు థంబ్‌రెస్ట్ అనే చిన్న కొక్కెం ఉంటుంది. అది వేలికి ఆనాల్సిన చోటు గోరు మొదలుకూ మొదటి కణుపుకూ మధ్య, కాస్త పక్కభాగం. చాలామంది వేలిని లోపలిదాకా దూర్చి, కణుపు దాటాక ఉండే మెత్తటి చోట బరువు మోపుతారు. మొదట హాయిగానే ఉంటుంది. కానీ వేలు అంత లోపలికి పోతే అరచెయ్యి వాద్యానికి అతుక్కుంటుంది, ముందున్న మూడు వేళ్లు రంధ్రాలను దాటి పొడుచుకొస్తాయి, మణికట్టు వంగుతుంది. ఇక ఆ వేళ్లు మెత్తగా వాలవు, కొట్టినట్టు పడతాయి.

చేతి ఆకారం కుదరడానికి వాద్యం పక్కన పెట్టండి. కుడి చెయ్యిని ఒంటి పక్కన వదిలేయండి, బరువంతా కిందికి వేలాడనివ్వండి. వేళ్లు వాటంతట అవే ఒక మోస్తరుగా వంగుతాయి. ఆ వంపు చెడకుండా మోచెయ్యి మడిచి చెయ్యి పైకి తీసుకురండి. చేతిలో ఒక నల్లగొండ బత్తాయి ఉన్నట్టు ఉండాలి: నలిపేంత పట్టు వద్దు, జారేంత వదులూ వద్దు. అప్పుడు ఎడమ చేత్తో వాద్యాన్ని తెచ్చి ఆ వంపులో పెట్టండి. వాద్యం దగ్గరికి చెయ్యి వెళ్లి పట్టుకోవడం అలవాటైతే వేళ్లు ముందే గట్టిపడి వస్తాయి.

బొటనవేలు వాద్యాన్ని మోయడంతో ఆగకూడదు. పైకి, పై పళ్ల వైపు మెల్లగా నెట్టాలి. మౌత్‌పీస్ పై పళ్లకు బొటనవేలి వల్లే ఆనితే కింది దవడకు మోసే పని ఉండదు, రీడును సవరించే పని ఒక్కటే మిగులుతుంది. నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. ఏ వేలూ మూయకుండా జీ ఊది నిలపండి. మోగుతుండగానే కుడి బొటనవేలితో కొంచెం పైకి నెట్టండి, దవడను కావాలనే వదులు చేయండి. నాదం చిక్కబడి, శ్రుతి రవ్వంత దిగితే అంతకు ముందు దాకా పళ్లతో మోస్తున్నారని అర్థం.

కొక్కెం ఎత్తు కూడా చూసుకోవాలి. బొటనవేలు చూపుడువేలికి ఎదురుగా, లేదా చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఉంటే పట్టు తేలిక. చాలా వాద్యాల్లో కొక్కెం అంతకంటే కిందనే బిగించి వస్తుంది. మరలు వదులు చేసి పైకి జరిపే రకమైతే ఒకసారి నాలుగైదు మిల్లీమీటర్లు జరిపి వారం రోజులు ఊది చూడండి. కదలని రకమైతే మరమ్మతు చేసేవాళ్లతో మార్పించుకోవచ్చు. చెక్కకు మీరే రంధ్రం వేయొద్దు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇనుప అంచు వేలిని కోస్తుంటే పాత సైకిల్ ట్యూబులోంచి రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి కొక్కేనికి తొడగండి. అంగట్లో దొరికే రబ్బరు తొడుగు చేసే పనే ఇదీ చేస్తుంది.

గంట మించి నిలబడి ఊదేవాళ్లకు మెడ పట్టీ మంచిది. సాగే గుణం ఉన్న పట్టీ అయితే మరీ మంచిది. కొంతమంది దీన్ని నామోషీగా చూస్తారు, దానికి కారణం మాకు ఇప్పటికీ అర్థం కాదు. పట్టీ పొడవు సరిచూసే తీరు ఒకటే. తల నిటారుగా పెట్టి, చెయ్యి దాదాపు వదిలేస్తే మౌత్‌పీస్ కొన నేరుగా కింది పెదవి దగ్గరకు రావాలి. పట్టీ పొడవైతే బరువు తిరిగి వేలి మీదే పడుతుంది. పొట్టిదైతే వాద్యం పైకి గుంజి మెడను వంచుతుంది, అంటే బొటనవేలి బాధ తీసి మెడకు తగిలించినట్టు.

ఇక ముందున్న వేళ్లు. పది నిమిషాలు ఊదాక వేళ్ల కొనల మెత్తలు చూసుకోండి. రంధ్రం గుండ్రం అచ్చు లేతగా కనిపిస్తే సరే. అచ్చు లోతుగా, నడుమ తెల్లగా చుట్టూ ఎర్రగా ఉంటే అవసరానికి మించి నొక్కుతున్నారు. రంధ్రం మూయడానికి నిజంగా ఎంత ఒత్తిడి చాలో తెలుసుకోవాలంటే కింది జీ ఊదుతూ వేళ్లను కొంచెం కొంచెం వదులు చేస్తూ పోండి. ఒక దగ్గర స్వరం కీచుమంటుంది. దానికి వెంట్రుకవాసి పైన ఆగండి, అంతే చాలు. లేపిన వేలు రంధ్రానికి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో ఆగాలి. చిటికెనవేలు కర్రలా నిక్కబొడుచుకుంటే ఆ చెయ్యి మొత్తం బిగిసిందని దూరం నుంచే చెప్పొచ్చు.

దవడ, పెదవి

మౌత్‌పీస్ ఎంత లోపలికి పెట్టుకోవాలో కంటితో కాక కాగితంతో కొలవండి. పల్చని కాగితం ముక్కను రీడుకూ మౌత్‌పీస్‌కూ మధ్య కొన దగ్గర దూర్చండి. అది మెల్లగా జారి ఒకచోట ఆగుతుంది. రీడు మౌత్‌పీస్‌ను విడిచిపెట్టే చోటు అదే. కింది పెదవి సరిగ్గా ఆ గీత మీద ఉండాలి. అంతకంటే కొనవైపు ఉంటే నాదం ముక్కుతో పలికినట్టు నొక్కుకుపోతుంది, ఎంత ఊదినా తెరుచుకోదు. దాటి లోపలికి పోతే కీచులు. పై పళ్లు కొన నుంచి ఒక సెంటీమీటరు దగ్గర ఆనుతాయి. రీడు కట్టేటప్పుడు దాని కొన పైన మౌత్‌పీస్ నలుపు సన్నటి దారంలా కనిపించాలి, లేకపోతే ఈ కొలతలన్నీ తప్పుతాయి.

కింది పెదవి ఎర్రభాగంలో సగం పళ్ల మీదకు మడవండి. పెదవి మూలలు నడుమకు రావాలి, 'ఊ' అన్నట్టు. గడ్డం మాత్రం కిందికి చదునుగా సాగాలి. లోపల నాలుక వెనక భాగం 'ఈ' అన్నట్టు ఎత్తుగా ఉండాలి. పెదవులు 'ఊ', నాలుక 'ఈ': రెండూ ఒకేసారి అనడం మొదట తికమకగా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో కుదురుతుంది. పట్టు నాలుగు వైపులా సమానంగా, సంచి మూతికి దారం లాగినట్టు ఉండాలి. పైనా కిందా మాత్రమే నొక్కితే అది కొరకడం. గడ్డం మీద గుంటలు పడ్డాయంటే పెదవి రీడు కిందికి ముద్దలా నెట్టుకొచ్చి దాని ఊపును ఆపుతోంది. నాదం గుడ్డలో చుట్టినట్టు వస్తుంది.

ఊదాక కింది పెదవి లోపలి వైపు నాలుకతో తడిమి చూసుకోండి. పళ్ల గాట్లు ఉంటే మీకు వేరే పరీక్ష అక్కర్లేదు. కొందరు కింది పళ్ల మీద కాగితం మడిచి పెట్టుకుంటారు. నొప్పి తగ్గుతుంది, కొరకడం తగ్గదు. నిజానికి నొప్పి తెలియక ఇంకొంచెం ఎక్కువే కొరుకుతారు. దానికంటే మౌత్‌పీస్ పైన పళ్లు ఆనే చోట పల్చని రబ్బరు మెత్త అతికించడం నయం, కరకరలాడే అదురు పుర్రెలోకి రాదు కాబట్టి దవడ తానే సడలుతుంది.

కొరుకుడుకు మూలం ఒక్కోసారి రీడులోనే ఉంటుంది, కానీ పాడైన రీడు కాదు, మరీ గట్టి రీడు. డీజే చప్పుళ్లో వినపడాలని 3, 3.5 నంబర్లు కట్టుకుంటారు. మొదటి అరగంట బాగానే పలుకుతాయి. పెదవి అలిశాక ఆ గట్టి రీడును మూయడానికి దవడే దిక్కు. రెండు మూడు గంటల ఊరేగింపుకు 2.5 కట్టి దమ్ముతో పలికించడమే మా సలహా. ఎండాకాలం రీడు త్వరగా ఎండి అలలు తేలుతుంది. అలలు తేలిన రీడు మౌత్‌పీస్ మీద చదునుగా కూర్చోదు, గాలి పక్కనుంచి పోతుంది, దాన్ని ఆపడానికి మళ్లీ నొక్కుడే. ఊదని పది నిమిషాలు మౌత్‌పీస్‌కు మూత పెట్టి ఉంచండి.

దవడ వదులు మన సంగీతానికి మరింత అవసరం. గమకం వేళ్ల జారుడుతో సగం, పెదవి సడలింపుతో సగం పలుకుతుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న ఏ.కె.సి. నటరాజన్ ఈ పడమటి వాద్యం మీద నాదస్వరం నడకను పలికించారు. దవడ బిగించుకున్నవాళ్లకు అది సాధ్యం కాదు. కొరికి ఊదేవాళ్ల గమకం మెట్లు దిగినట్టు తెగి తెగి వస్తుంది. మీకు నచ్చిన నెమ్మది పాట ఏదైనా, బతుకమ్మ పాట అయినా సరే, తీసుకుని స్వరం నుంచి కింది స్వరానికి పెదవితో మాత్రమే కొంత దూరం దింపి తిరిగి ఎక్కించండి. దిగకపోతే దవడ అడ్డుపడుతోంది.

తల, మెడ, వాలు

వాద్యం నోటి దగ్గరికి రావాలి, తల వాద్యం దగ్గరికి పోకూడదు. ముందు నిటారుగా నిలబడి ఎదురుగా చూడండి. అప్పుడు క్లారినెట్‌ను పైకెత్తి నోట్లో పెట్టుకోండి. ఇది చెప్పడానికి చిన్న విషయం, కానీ పాట పాటకీ మధ్య వాద్యాన్ని దించి మళ్లీ ఎత్తిన ప్రతిసారీ తల కొంచెం ముందుకు సాగుతుంది. గంట గడిచేసరికి తాబేలు మెడలా తయారవుతుంది. మెడ ముందుకు సాగితే గొంతు వెనక గాలి దారి వంకరపోతుంది, దవడ కదలిక తగ్గుతుంది.

ఒంటికీ వాద్యానికీ మధ్య వాలు 30 నుంచి 40 డిగ్రీలు. కోణమానిని ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి జానలతో కొలవండి. నోటి నుంచి నేరుగా కిందికి ఒక దారం వేలాడుతోందనుకుంటే, దాని నుంచి బెల్ (వాద్యం అడుగున విచ్చుకున్న నోరు) అంచు జానన్నర నుంచి రెండు జానల లోపు ముందుకు ఉండాలి. కూర్చున్నప్పుడు బెల్ మోకాళ్ల ఎత్తులో, వాటికి తగలకుండా ఉంటుంది. మోకాళ్ల మధ్య ఇరికించి ఊదితే వేలికి విశ్రాంతే, నాదం మాత్రం నలుగుతుంది.

వాలు చెడితే రెండు రకాలు. సన్నాయి ఎత్తినట్టు బెల్‌ను మరీ పైకెత్తితే కింది పెదవి రీడును సరిగా ఆనించలేదు. నాదం వెడల్పై, చెదిరి, శ్రుతి దిగుతుంది. ఫొటోగ్రాఫర్ "జర పైకి లేపన్నా" అన్నప్పుడు వచ్చే గొంతు అదే. బెల్ పొట్టకు ఆనించుకుంటే మౌత్‌పీస్ పెదవి మీదికి గుచ్చుకుని నాదం మూసుకుపోతుంది. నాదం తెరుచుకోవడానికి వాద్యం ఎత్తడం కంటే తల నిటారుగా పెట్టడం మేలు. గడ్డం కిందికి దిగిపోయిందంటే వాద్యం వాలు సరిగ్గా ఉన్నా నోటి దగ్గర వాలు తప్పినట్టే.

దమ్ము, కడుపు, భుజాలు

ఊపిరి తీసేటప్పుడు పని చేసేది పొట్టకూ రొమ్ముకూ మధ్య అడ్డంగా ఉండే డయాఫ్రం. అది కిందికి దిగితే పొట్ట ముందుకు, కింది పక్కటెముకలు పక్కలకు జరగాలి. యూనిఫాం బెల్టు పొట్ట మీద బిగించి కడితే అది దిగలేదు. ఇక గాలి రొమ్ము పైభాగంలో నిండుతుంది, దానికి భుజాలు లేవాలి, భుజాలను లేపేది మెడ కండరాలు. కాబట్టి మొదటి మందు బెల్టు ఒక రంధ్రం వదులు. కార్యక్రమానికి ముందు పెళ్లి భోజనం కడుపునిండా తినడమూ ఇదే పని చేస్తుంది. సగం తిని, మిగతాది తర్వాత తినండి. ఆకలి వేసినా దమ్ము ఉంటుంది.

గాలి ఎక్కడికి వెళ్లాలో ఒంటికి తెలియాలంటే కుర్చీ అంచున కూర్చుని మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగండి. నోటితో నెమ్మదిగా ఊపిరి తీయండి. ఈ భంగిమలో భుజాలు లేవడం కష్టం కాబట్టి నడుం వెనకా పక్కలా ఉబ్బుతాయి. పదిసార్లు చేశాక లేచి నిలబడి అదే చోట గాలి నింపండి. మోచేతులు ఒంటికి అతికించి పెట్టుకుంటే పక్కటెముకలు విచ్చుకోవు. చంకలో ఒక చిన్న బంతి పట్టేంత ఎడం ఉంచండి. రెక్కలు చాపినట్టు మరీ ఎడం చేసినా భుజాలు లేస్తాయి.

గాలి బలానికి చవకైన సాధన: అరచేతి సగమంత కాగితం ముక్కను గోడకు ఆనించి, జాన దూరం నుంచి ఊదుతూ చెయ్యి వదిలేయండి. పది సెకన్లు అది జారకుండా నిలవాలి. పొట్టను లోపలికి గట్టిగా గుంజి ఊదితే మొదటి మూడు సెకన్లకే గాలి పోతుంది. నెమ్మదిగా, ఆరిపోకుండా వదలడమే ఇందులో నేర్చుకునేది.

ఊదుతుంటే గొంతులోంచి సన్నగా 'హుఁ' అనే మూలుగు వస్తే గొంతు బిగిసింది. ముక్కులోంచి గాలి బుస్సుమంటే వేరే సంగతి. నోటికీ ముక్కుకూ నడుమ మూయాల్సిన మెత్తటి అంగిలి అలిసిపోయింది. మంకుతో ఊదితే తగ్గేది కాదు, పదిహేను నిమిషాలు వాద్యం పక్కన పెట్టాల్సిందే.

కాళ్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పాదాలు నడుం వెడల్పులో, మోకాళ్లు గట్టిగా వెనక్కి లాక్కుపోకుండా. నడిచేటప్పుడు మడమ మెత్తగా దించండి, ప్రతి అడుగు అదురూ నేరుగా పళ్లకు వస్తుంది. చెర్వుగట్టు మెట్ల మీదనో, మన్యంకొండ ఎక్కుడులోనో ఊదాల్సి వస్తే ఇద్దరు క్లారినెట్ వాళ్లు చరణం చరణం మార్చుకోండి. ఎక్కుడుకు కావలసిన ఊపిరీ, పాటకు కావలసిన ఊపిరీ ఒకే రొమ్ములోంచి రావాలి.

ఎండ, చలి, శ్రుతి

మాఘమాసంలో తెల్లవారుజామున వాద్యం చల్లబడి శ్రుతి దిగుతుంది. కీబోర్డుతో కలవడానికి దవడతో పైకి లాగుతారు. అలా లాగిన పట్టు ఎండెక్కినా సడలదు. దానికి బదులు అన్ని రంధ్రాలూ మూసి, స్వరం పలికించకుండా ఐదు నిమిషాలు వెచ్చటి గాలి ఊదండి, లేదా వాద్యాన్ని శాలువలో చుట్టి ఒంటికి ఆనించుకోండి.

వైశాఖంలో దీనికి తిరగబడుతుంది. 42 డిగ్రీల ఎండలో శ్రుతి ఎక్కుతుంది, దించడానికి పెదవి వదులు చేస్తారు, నాదం చెదురుతుంది. శ్రుతి సవరణ పెదవి పని కాదు. బ్యారెల్‌ను పై ముక్క నుంచి ఒక మిల్లీమీటరు బయటికి తీయండి, చాలకపోతే ఇంకొకటి. రెండు మించి తీయాల్సి వస్తోందంటే మళ్లీ కొరుకుడు సంగతి చూసుకోండి, అదంతా ఎండ వల్ల వచ్చింది కాకపోవచ్చు. వాద్యాన్ని ఎండలో కుర్చీ మీద పెట్టి భోజనానికి వెళ్లొద్దు, చెక్క పగిలితే ఏ భంగిమా కాపాడదు.

రోజూ ఇరవై నిమిషాలు

మొదటి మూడు నిమిషాలు వాద్యం లేకుండానే. భుజాలు చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదలండి, ఐదుసార్లు. చెంపల వెనక, పళ్లు కొరికితే గట్టిపడే ముద్దను వేళ్లతో గుండ్రంగా రుద్దండి. నోరు సగం తెరిచి దవడను వేలాడనివ్వండి. తర్వాత రెండు నిమిషాలు మౌత్‌పీస్, బ్యారెల్‌తో ఎఫ్ షార్ప్, ట్యూనర్ చూస్తూ. ఆపైన ఎనిమిది నిమిషాలు నిలుపు స్వరాలు. ఎడమ బొటనవేలు, ఎడమ మూడు వేళ్లు మూసిన సీ నుంచి మెట్టు మెట్టుగా కిందికి దిగండి. ఒక్కో స్వరం ఎనిమిది లెక్కలు: నాలుగు పెంచుతూ, నాలుగు తగ్గిస్తూ. తగ్గించేటప్పుడు శ్రుతి ఎక్కుతుంటే గాలి తగ్గించడానికి బదులు రీడును మూస్తున్నారు. ఈ ఎనిమిది నిమిషాల్లో ప్రతి నాలుగో స్వరానికి బొటనవేలిని తలుచుకోండి: మోస్తోందా, పళ్లకు అప్పగించిందా?

మిగిలిన ఏడు నిమిషాలు ఒకే పాటను రెండు తీరుల్లో. ముందు సగం వేగంలో, బత్తాయి పట్టు మీదే ధ్యాస పెట్టి. తర్వాత అసలు వేగంలో, ఫోన్‌లో రికార్డు చేస్తూ. వేగం పెరగ్గానే నాదం ఎక్కడ సన్నబడిందో రికార్డింగ్‌లో దొరుకుతుంది. సాధారణంగా అది ఎడమ చెయ్యి ఖాళీగా ఉండే నడిమి స్వరాల నుంచి పైమెట్టుకు దాటే చోటు. అక్కడ ఒక్కసారిగా అన్ని వేళ్లూ పడాలి కాబట్టి ముందే భయపడి చెయ్యి బిగుస్తుంది. ఆ రెండు స్వరాలనే విడదీసి, నెమ్మదిగా ఇరవైసార్లు ఊదండి. ఖాళీ స్వరం పలుకుతున్నప్పుడే కుడి చేతి వేళ్లను ముందుగా మూసి ఉంచితే దాటడం సగం తేలికవుతుంది. ఆ నడిమి స్వరాల బోలుతనమూ కొంత తగ్గుతుంది.

ఊరేగింపులో ఇంత లెక్క కుదరదు. అక్కడ గుర్తుంచుకోవాల్సింది తక్కువే. డప్పులు ఒంటరిగా మోగే ప్రతి గడియా వాద్యాన్ని ఎడమ చేతికి మార్చి కుడి చెయ్యి వేలాడదీసి విదిలించండి. పాట అందుకునే ముందు ఒకసారి పళ్లు విడదీసి మూయండి. 25 నిమిషాలకు ఒకసారి రెండు నిమిషాలైనా నోట్లోంచి మౌత్‌పీస్ తీయండి, బ్యాండు మేస్త్రీకి ముందే చెప్పి పెట్టుకోండి.

బొటనవేలి మొదట్లో లేదా మణికట్టులో నొప్పి ఊదడం ఆపాక గంటకు కూడా తగ్గకపోతే ఆ రోజుకు చాలించండి. వేళ్లు మొద్దుబారినా, చీమలు పాకినట్టున్నా, పొద్దున లేచేసరికి నొప్పి అలాగే ఉన్నా రెండు వారాలు చూద్దామని కూర్చోకుండా ఎముకల డాక్టరుకో ఫిజియోథెరపీ వాళ్లకో చూపించుకోండి. వెళ్లేటప్పుడు క్లారినెట్ కూడా తీసుకెళ్లి ఎలా పట్టుకుంటారో వాళ్ల ముందు పట్టుకుని చూపించండి.